ఎడమవైపు సొట్ట

“ఆ సొట్ట మీద సుత్తి వెయ్యకు బాబూ!”

గేటు దగ్గర నుంచి వచ్చిన కేకకి మెకానిక్ బాబీ ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఆపేశాడు.

కల్పన వెనక్కి తిరిగింది. డెబ్భై ఏళ్ళకి దగ్గరపడిన మనిషి. చంకలో గుడ్డసంచి, చెమటకి తడిసిన తెల్లచొక్కా.

“ఎవరండీ మీరు?”

“నా పేరు పున్నారావమ్మా. బస్సుల గ్యారేజీలో ముప్ఫై ఏళ్ళు రేకు పని చేశాను. డాక్టరు గారి ఫియట్ బాగుచేయిస్తున్నారని రంగుల కొట్లో అనుకుంటుంటే విన్నాను. ఈ ఒక్క సొట్టా నాకొదిలెయ్యండి. నేను తీస్తాను.”

సుత్తి దెబ్బకి ఏమవుతుందోనని కల్పనకీ లోపల భయం ఉంది. పాత బండి. రేకు చీలితే అలాంటిది మళ్ళీ దొరకదు.

పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే కల్పన ఆర్నెల్లుగా సెలవు రోజులన్నీ ఇంటి వెనక రేకుల షెడ్డులోనే గడిపింది. ఇంజను తనే విప్పి బిగించింది. బందరు ఉప్పుగాలికి తుప్పు పట్టిన అడుగు రేకంతా మార్పించింది.

బండి నాన్నది. డాక్టరు సుందరరాజు గారు ముప్ఫై ఆరేళ్ళ క్రితం దాన్ని షెడ్డులో పెట్టి తాళం వేశారు. పోయేదాకా మళ్ళీ తియ్యలేదు. ఎందుకని అడిగితే “నడపబుద్ధి కావట్లేదమ్మా,” అనేవారు.

వచ్చే ఆదివారానికి ఆయన పోయి ఏడాది. అమ్మని ఆ బండిలోనే చర్చికి తీసుకెళ్ళాలని కల్పన పట్టుదల.

అమ్మ దేవమ్మ మాత్రం మొదట్లోనే, “ఆ బండి జోలికి పోకే,” అంది. కారణం చెప్పలేదు. షెడ్డు ఛాయలకి కూడా రాలేదు.

“సరే, మీరే చూడండి మేస్త్రీ గారూ,” అంది కల్పన.

బాబీ మూతి ముడుచుకుని వీధి చివర తన షాపుకి వెళ్ళిపోయాడు.

పున్నారావు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. సంచిలోంచి పనిముట్లేవీ తియ్యలేదు. ఎడమవైపు మడ్‌గార్డు లోపలికి చెయ్యి పోనిచ్చి, సొట్టని అరచేత్తో నొక్కుతూ కూర్చున్నాడు. నొక్కడం, తడిమి చూడడం, మళ్ళీ నొక్కడం. పూటకి గోరంత లేచింది రేకు.

మర్నాడూ అంతే.

“శుక్రవారం పెయింటరు వస్తాడండీ. రెండు దెబ్బలేస్తే అయిపోదా?”

“దెబ్బ వద్దమ్మా. ఇంకో రెండ్రోజులు ఆగండి.”

“రేకు చీలుతుందంటారా?”

ఆయన మళ్ళీ మడ్‌గార్డు లోపలికి చెయ్యి పోనిచ్చాడు.

గురువారం సాయంత్రం కల్పన కాలేజీ నుంచి వచ్చేసరికి, పున్నారావు మడ్‌గార్డుకి తల ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాడు. సొట్ట సగం కూడా పోలేదు.

కల్పనకి ఒళ్ళు మండిపోయింది.

“నిద్రపోవడానికా వచ్చింది? చేతకాకపోతే చేతకాదని చెప్పాలి గానీ, ఇలా రోజులు గడిపేస్తే ఎలాగండీ?”

ఆయన గభాల్న లేచాడు. “ఒక్క రెండ్రోజులమ్మా...”

“ఇంక చాలు. వెళ్ళండి.”

“నా చేత్తోనే తీస్తానమ్మా. కాదనకండి.”

“వెళ్ళమన్నానా!”

ఆయన సంచి చంకన పెట్టుకున్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు.

ఫోన్ చెయ్యగానే వీధి చివరి షాపు నుంచి బాబీ పరిగెత్తుకొచ్చాడు. వస్తూనే సుత్తి అందుకున్నాడు.

ఠంగ్!

గేటు దాటబోతున్న పున్నారావు అక్కడే ఆగిపోయాడు.

ఠంగ్! ఠంగ్!

దెబ్బ పడినప్పుడల్లా ఆయన భుజాలు అదిరిపడుతున్నాయి. ముసలాడికి ఎంత రోషమో అనుకుంది కల్పన.

పావుగంటలో సొట్ట చదునైపోయింది.

ఆ చప్పుడికి దేవమ్మ గోడ పట్టుకుంటూ బయటికొచ్చింది. గేటు వైపు చూసి కొయ్యబారిపోయింది.

“ప్రభువా!” అంది. చేతులు రెండూ జోడించింది.

పున్నారావు వద్దన్నట్టు తల ఊపి, వీధిలోకి వెళ్ళిపోయాడు.

“ఎవరమ్మా ఆయన?”

దేవమ్మ మెట్టు మీద కూలబడింది.

“నీకు చెప్పనని మీ నాన్నకి మాటిచ్చానే. అప్పుడు నీకు నాలుగేళ్ళు. మీ నాన్న దివిసీమలో వైద్యశిబిరం చూసుకుని వస్తున్నారు. ఘంటసాల దాటాక, కాలవ గట్టు మీంచి ఓ చంటిది బాతుల వెంటపడి రోడ్డు మీదికి వచ్చేసింది. ఆ సొట్ట... ఆ పిల్ల తగిలి పడిందే.”

కల్పన షెడ్డు వైపు చూడలేకపోయింది.

“పిల్ల?”

“దక్కలేదు.”

బాబీ సుత్తి నేల మీద పెట్టేశాడు.

“ఊరంతా మీద పడింది. మీ నాన్నని బండిలోనే ఉంచి నిప్పు పెట్టబోయారు. అప్పుడు ఈయన అడ్డం వచ్చాడు. ‘డాక్టరు గారి తప్పు లేదు, పిల్లే అడ్డం వచ్చింది, నా కళ్ళతో చూశాను’ అని అరిచాడు. బందరు కోర్టులోనూ అదే చెప్పాడు. అక్కడే చూశాను ఆయన్ని. ఆ మాటే లేకపోతే మీ నాన్న మనకి దక్కేవారు కాదు.”

కల్పన చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తింది. సందు చివరిదాకా వెళ్ళింది. అటు కోనేరు సెంటరు వైపు, ఇటు బస్టాండు వైపు ఆటోలు పోతూనే ఉన్నాయి. పున్నారావు ఎక్కడా కనిపించలేదు.

రొప్పుతూ తిరిగొచ్చింది.

“వెళ్ళిపోయారమ్మా. నేనే గెంటేశాను.”

కల్పన అమ్మ పక్కన మెట్టు మీద కూర్చుంది.

“ఊరంతా ఒకవైపుంటే, ఒక్కడే ఎలా నిలబడ్డారమ్మా? ఆ పిల్ల కన్నవాళ్ళు ఆయన్ని ఏమీ అనలేదా?”

దేవమ్మ కూతురి మొహంలోకి చూసింది.

“ప్రాణం పోయిన తన కూతుర్ని చేతుల మీద ఎత్తుకునే ఆ మాట చెప్పాడే ఆయన.”