తండ్రి రాకూడదు

నవంబరు తొమ్మిది, శనివారం. ఆ పొద్దున లియావ్ మాస్టారు తిన్నది చిలగడదుంప జావ, ఎండు ముల్లంగి వేసిన గుడ్డట్టులో సగం. మిగతా సగం ఎదురుగా ఉన్న ఖాళీ పళ్ళెంలో వేశాడు. కాసేపు చూసి అదీ తనే తినేశాడు.

బయట తైనాన్ ఊరి సందులో, టెంటు కింద, బింగ్‌యెన్ శవపేటిక ఉంది. యాభై మూడేళ్ళకే కాలేయం పాడై చనిపోయాడు. పదహారేళ్ళ క్రితం మాస్టారు కోర్టుకు వెళ్ళి దత్తత తీసుకున్న కొడుకు.

కర్మలు జరిపించే మనిషి కర్ర తెచ్చి మాస్టారి చేతికిచ్చాడు.

"పెద్దాయనా, పేటిక మీద మూడు దెబ్బలు వెయ్యండి. తండ్రికంటే ముందు పోయాడుగా, మందలించి పంపాలి."

మాస్టారు కర్రను చెక్కకు ఆనించి తీశాడు. చప్పుడు కాలేదు. ఆ మనిషి ఎటో చూస్తూ, "అయింది. మూడూ పడ్డాయి" అన్నాడు.

మాస్టారికి ఏడుపు రాలేదు. ఆ కాస్త దయ మాత్రం తెలిసింది.

"దహనానికి నేనూ వస్తాను."

"తండ్రి రాకూడదండీ. తెల్లజుట్టు నల్లజుట్టును సాగనంపకూడదు."

"వస్తాను."

బింగ్‌యెన్ అక్క పావ్‌చూ, తమ్ముడి ఫొటో పట్టుకుని దగ్గరికొచ్చింది. గొంతు తగ్గించింది.

"మా మేనమామలు ఊరుకోరు. తండ్రి అని కాక ఇంకేమని చెప్పి తీసుకెళ్ళను మిమ్మల్ని?"

పేటికను వ్యానులోకి ఎక్కించారు. అది సందు మలుపు తిరిగేదాకా మాస్టారు నిలబడి, తర్వాత కూడా అక్కడే నిలబడ్డాడు.

పక్కింటి హోంగ్ పిన్ని చెయ్యి పట్టి లోపల కూర్చోబెట్టింది. టీ పెట్టిచ్చింది. నోరు మాత్రం ఊరుకోలేదు.

"ఆసుపత్రిలో మీరు చేసినంత చాకిరీ కన్నతండ్రి కూడా చెయ్యడు మాస్టారూ! మా ఆయనకి జ్వరమొస్తే నేనే పక్కింట్లో పడుకుంటా."

మాస్టారు తల ఊపాడు. టీ చల్లారిపోయింది. ఆవిడ మళ్ళీ వేడి చేసింది.

చీకటి పడ్డాక పావ్‌చూ తిరిగొచ్చింది.

"వాన పడలేదు," అంది. "అస్థికలు కుండలో పెట్టింది నేనే. ఎవర్నీ తొందరపెట్టనివ్వలేదు."

"మంచిదమ్మా," అని ఆయన వెళ్ళి పడుకున్నాడు.

హోంగ్ పిన్ని గడప దాటి ఆగింది.

"ఒక్క మాట పావ్‌చూ. తప్పుగా అనుకోకు. ఇంత ప్రాణంగా ఉన్నవాళ్ళు, ఐదేళ్ళ కిందట దత్తత రద్దు చేసుకుంటామని ఆఫీసుకి ఎందుకెళ్ళారే? ఆస్తి గొడవా?"

"కాదు."

"ఒకసారి తండ్రీ కొడుకులైతే రద్దు చేసుకున్నా లాభం లేదన్నారట. ఇద్దరూ మొహాలు వేలాడేసుకుని వచ్చారు, నేను చూశాగా. విడిపోదామనేగా వెళ్ళింది?"

"కాదు పిన్నీ, ఆ ఏడు మగవాళ్ళిద్దరు పెళ్ళాడొచ్చని చట్టం వచ్చింది కదా, వీళ్ళూ చేసుకుందామని వెళ్ళారు," అని పావ్‌చూ ఆ రాత్రికి తలుపు మెల్లగా మూసింది.