దోన్ లిసాంద్రో ముక్కు

"ముక్కొచ్చింది" అని గేటు దగ్గర ఎవరో కేకేశారు.

వైను పీపాల గదిలో ఉన్న ఇలారియో ఫూనెస్‌కి అది "మొక్కొచ్చింది" అని వినిపించింది. ఆలివ్ మొక్కల లారీ అప్పుడే దిగబడిందనుకున్నాడు. "తాతగారి ద్రాక్షతోట పీకడానికి సాయంత్రం దాకా ఆగలేకపోయావా అన్నయ్యా?" అని ఫెర్మిన్ మీద లేచాడు.

"మొక్క కాదురా, ముక్కు. దోన్ లిసాంద్రో ముక్కు," అన్నాడు ఫెర్మిన్. "నా మాట మాటే. ఆయన నీ మాల్బెక్ వైనుకి నూటికి తొంభై మార్కులేస్తే తోట నీది. ఒక్కటి తగ్గినా రేపు పొద్దున్నే ఆలివ్ మొక్కలు."

వైన్లు రుచి చూసి మార్కులేసే దోన్ లిసాంద్రో ముక్కుకి ద్రాక్షతోటల మెండోసాలో ముక్కంటికున్నంత పేరు. మనిషి కూడా ముక్కుసూటే. ఆ ముక్కు ఒప్పుకుంటే వైను, లేకపోతే ఉత్త వైనం. ఆయనకో అలవాటుంది. రుచి చూసి ఉమ్మే బకెట్ పట్టుకోవడానికి క్లెమెంతీనా అనే ఆవిణ్ణి వెంటేసుకు తిరుగుతాడు. తనకు పోసిందే ఆవిడకూ ఒక గ్లాసు పోయాలి. పోయకపోతే సీసా ముట్టడు.

దోన్ లిసాంద్రో వెనకే క్లెమెంతీనా అరిగిన చెప్పులతో లోపలికొచ్చింది. "అయ్యా, కాసిని చల్లని నీళ్లు, ఓ ఎండు రొట్టె ముక్క ఇప్పిస్తారా?"

"వచ్చీ రాగానే తిండి గోల," అన్నాడు ఇలారియో. "బకెట్‌కి కూడా విందు చెయ్యాలి కాబోలు."

డెబ్భై ఏళ్ల తీగలు. ఆ ఏడు దిగిందే రెండు పీపాలు. అందులోంచి బకెట్ మనిషికి గ్లాసుడు పోయడమంటే ఇలారియోకి ప్రాణం ఉసూరుమంది. దోన్ లిసాంద్రోకిచ్చే గ్లాసు మాత్రం సీసాలోంచే నింపాడు. రెండో గ్లాసు పట్టుకుని స్తంభం చాటుకెళ్లాడు. అక్కడ కూలీల మధ్యాహ్న భోజనంలో మిగిలిన పెంగ్విన్ బొమ్మ కూజా ఉంది. అందులో చవక ఎర్ర వైను, సగానికి సగం సోడా, కరిగిపోయిన ఐసు. అదే వంచాడు.

ఆవిడ చేతికి గ్లాసిచ్చి, అన్న వైపు తిరిగి, "గాడిదకేం తెలుసు గంధపు వాసన," అన్నాడు. గొంతు తగ్గించాననే అనుకున్నాడు.

దోన్ లిసాంద్రో గ్లాసు తిప్పాడు. ముక్కు మొత్తం అందులోకి దించాడు. పుక్కిలించాడు. పక్కన క్లెమెంతీనా కూడా ఓ గుక్క పట్టి, బకెట్‌లో ఉమ్మేసింది. తర్వాత బకెట్ ఆయన గడ్డం కిందికి పెట్టి, వంగి, పెదవులు కదిలించింది.

"ఏంటా జపం?" అని గుసగుసగా అడిగాడు ఫెర్మిన్.

"ఉమ్మిలోంచి దేవుడు లేస్తాడేమో, మొక్కుకుంటోంది," అన్నాడు ఇలారియో.

దోన్ లిసాంద్రో బకెట్‌లో ఉమ్మి, మూతి తుడుచుకున్నాడు. "అరవై ఒకటి."

ఇలారియో సీసా ఎత్తి వెలుతురులో చూశాడు.

"నీరసం," అన్నాడు దోన్ లిసాంద్రో. "అంటే నీళ్ల రసం. కరిగిన ఐసు చప్పదనం. నాలుక మీద చచ్చిన సోడా బుడగలు. దీనికోసం నన్నింత దూరం రప్పించావా నాయనా? తాగించాల్సింది నాకు కాదు, నీ గుర్రాలకి. అవీ తాగవు."

ఫెర్మిన్ సీసాలోంచి ఓ చుక్క పోసుకుని తాగాడు. మొహం మారింది. "ఒరేయ్, ముప్ఫై ఏళ్లలో మనింట్లో ఇంత మంచిది దిగలేదు. సోడా ఎక్కడుందిరా ఇందులో?"

"నీ నాలుక నీది, నా ముక్కు నాది," అన్నాడు దోన్ లిసాంద్రో. "రాసుకో. అరవై ఒకటి."

ఇలారియో ముందుకొచ్చాడు. "సోడా ఉన్నమాట నిజమే. కానీ అది ఈవిడ గ్లాసులో కదా ఉంది. ఈవిడకెందుకులే అని కూలీల కూజాలోంచి పోశాను. మీ గ్లాసులో ఒక్క బొట్టు పడితే ఒట్టు. మీకెలా తెలిసింది?"

దోన్ లిసాంద్రో మొహం ఎరుపెక్కింది.

క్లెమెంతీనా బకెట్ కింద పెట్టింది. "ఎలాగేముందయ్యా, జ్వరమొచ్చి ఈయన ముక్కు చచ్చి నాలుగేళ్లయింది, అప్పట్నించీ వాసన పట్టేదీ, చెవిలో మార్కులు చెప్పేదీ ఈ గాడిదే."