మెట్ల మీద మీటింగు

"మీరు లేస్తారా, పోలీసుల్ని పిలవమంటారా?" అని గుమాస్తా కేకేశాడు.

"పిలువు నాయనా. వాళ్ళూ ఈ మెట్ల మీంచే కదా రావాలి!" అంది టైలరమ్మ.

మెట్ల మీద అందరూ గొల్లుమని నవ్వారు. అందరూ అంటే మార్కెట్లో కుట్టుమిషను పెట్టుకున్న ఈ టైలరమ్మా, కూరలమ్మే పెద్దమ్మలూ, అక్కడికి కొనడానికొచ్చే మామ్మలూ. మున్సిపల్ ఆఫీసు ఇరుకు మెట్ల మీద కింద నుంచి పైదాకా మెట్టుకొకరు చొప్పున కూర్చున్నారు. మార్కెట్లో ఆడవాళ్ళ బాత్రూంకి ఎప్పుడో తాళం పడింది. ఇప్పుడు దాన్ని సిమెంటు బస్తాల గోడౌన్‌కి ఇచ్చేద్దామని మేడ మీద హాల్లో మీటింగు. అభ్యంతరాలుంటే స్వయంగా హాల్లోకొచ్చి చెప్పాలట. లిఫ్టేమో పనిచెయ్యదు. మోకాళ్ళు ఎక్కడ మొరాయిస్తే అక్కడే ఒక్కొక్కరూ చతికిలబడ్డారు.

టైలరమ్మ ఒక్కతే పై మెట్టు దాకా ఎక్కింది. హాలు గుమ్మానికి ఎదురుగా కూలబడి ఆయాసం తీర్చుకుంటుంటే తట్టింది ఆవిడకి, లోపలి వాళ్ళు బయటికి పోవాలంటే ఇంకో దారి లేదని. ఇక ఆవిడ మొహం చూడాలి!

"అమ్మాయిలూ! ఒక్కరూ కదలకండి!" అని కిందికి అరిచింది.

అమ్మాయిలందరూ "ఓ!" అన్నారు. అందులో చిన్నమ్మాయికి మునిమనవడు పుట్టాడు.

లోపల చైర్మన్ మైకు పుచ్చుకుని, "ముసలాళ్ళకి మార్కెట్లో బాత్రూంతో పనేముందండీ? ఇంటి దగ్గరే కానిచ్చుకుని రావచ్చు కదా!" అంటున్నాడు.

టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఆ మాట కింది మెట్టుకి చెప్పింది. అది మెట్టు మెట్టూ దిగి అట్టడుగున కూర్చున్న కూరల పెద్దమ్మ దాకా వెళ్ళింది. పెద్దమ్మ జవాబు అంతకంటే వేగంగా పైకొచ్చింది. టైలరమ్మ దాన్ని గొంతు చించుకుని హాల్లోకి వినిపించింది.

"పొద్దున కొట్టు పెడితే చీకటి పడ్డాకే ఇంటికెళ్తాం! మంచినీళ్ళు తాగాలంటే భయం! తాగక మాలో ఇద్దరు ఆసుపత్రి పాలయ్యారు! చెప్పండి, పనేముందో!"

చైర్మన్ మైకుకి చెయ్యి అడ్డం పెట్టాడు. "కూర్చోనీండి. విసుగొస్తే వాళ్ళే పోతారు" అని సభ్యులందరికీ ఇంకో విడత టీ పోయించి, తను పెద్ద గ్లాసుడు తాగాడు. పాపం, అదే ఆయన చేసిన పొరపాటు.

కాసేపటికి గుమాస్తా మళ్ళీ గుమ్మంలోకొచ్చాడు. ఈసారి కేకల్లేవు.

"అమ్మా, కాస్త దారివ్వండి. చైర్మన్ గారు కిందికెళ్ళాలి. అర్జెంటు."

"ఏమంత అర్జెంటు?"

గుమాస్తా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "బాత్రూంకి. పైన సార్ బాత్రూంలో కొత్త టైల్సు వేస్తున్నారు. ఇప్పుడు ఆఫీసు మొత్తానికీ మెట్ల కింద ఉన్నది ఒక్కటే."

టైలరమ్మ కళ్ళు మెరిశాయి. వార్త రయ్యిన కిందికి జారింది. దిగినకొద్దీ నవ్వు పెద్దదైంది.

ఇక లాభం లేదని చైర్మనే బయటికొచ్చాడు. మొహం కందగడ్డ చేసుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటున్నాడు.

"లేవండమ్మా! సాటి మనిషి అవస్థ తెలీదా మీకు?"

"ఇంటి దగ్గరే కానిచ్చుకుని రావాల్సింది బాబూ" అంది టైలరమ్మ.

కింద నుంచి చప్పట్లు!

"అది కాదమ్మా... వయసు మీద పడింది, షుగరుంది, ఆగదు!"

"మరి మాకు? మా వయసు వెనక్కి నడుస్తోందా?"

 చైర్మన్ గిరుక్కున తిరిగి హాల్లోకి పరుగుతీశాడు. "గోడౌనూ లేదు, గీడౌనూ లేదు! మార్కెట్ బాత్రూం ఇవాళే తెరుస్తున్నాం! ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి!"

టీలు తాగిన చేతులన్నీ ఒక్కసారే లేచాయి. అంత ఏకగ్రీవం ఆ హాలు పుట్టి బుద్ధెరిగాక చూసుండదు.

గుమాస్తా బీరువాలోంచి తాళంచెవి తెచ్చి టైలరమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని కింది మెట్టుకి అందించింది. మధ్యలో ఒకావిడ బుగ్గకి ఆనించుకుని వదల్లేక వదిలింది. అలా చేతులు మారి మారి తాళంచెవి కూరల పెద్దమ్మకి చేరింది. ఆవిడ దాన్ని పైకెత్తి "గెలిచామే!" అని అరిచిన అరుపుకి వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. ఎంత సంతోషం! నవ్వుతున్న వాళ్ళే కళ్ళు తుడుచుకుంటున్నారు.

"తల్లుల్లారా, ఇక దిగండి!" చైర్మన్ రెండు చేతులూ జోడించాడు.

"లేవండి అమ్మాయిలూ!" అంది టైలరమ్మ.

ఆ ఇరుకు మెట్ల మీద పైవాళ్ళు కదలాలంటే ముందు కిందివాళ్ళు దిగాలి. కూరల పెద్దమ్మ లేచింది. ఆవిడ వెనక ఒకరి తర్వాత ఒకరు గోడ పట్టుకుని, మోకాలి మీద చెయ్యేసి, ఒకరినొకరు లేపుకుంటూ దిగారు. ఆఖర్న టైలరమ్మ. ఆవిడ భుజం మీంచి తొంగి తొంగి చూస్తూ, పళ్ళు బిగబట్టుకుని చైర్మన్.

చివరి మెట్టు దిగీ దిగగానే ఆయన ఒక్క ఉరుకున మెట్ల కిందికి తిరిగి, టక్కున ఆగిపోయాడు. బాత్రూంలో అప్పుడే ఎవరో గడియ వేసుకున్నారు. తలుపు దగ్గర మొదలైన వరస వీధి గుమ్మం దాకా ఉంది.

"మాదీ పొద్దున్నుంచీ అదే అవస్థ బాబూ" అంది టైలరమ్మ, వరస చివర చేరుతూ. "రండి, నా వెనకాల నిలబడండి."