పాయింట్ల గది

"సార్, మునిశేఖర్ గారి పాయింట్ల మీద నిన్ననే గది ఇచ్చేసినాం. భార్యాభర్తలిద్దరూ పైనే ఉండారు," అంది హోటలు కౌంటరులోని గ్రేసీ.

"మునిశేఖర్ అంటే నేనే కదమ్మా!"

గ్రేసీ కంప్యూటర్ వైపు చూసింది. అతని వైపు చూసింది. పక్కనున్న జయంతిని చూసి చటుక్కున తల దించుకుంది. "నేను పొద్దున డ్యూటీకొచ్చినాను సార్. ఇందులో అట్లే ఉండాది."

జయంతి చేతిలోని బ్యాగు కింద పెట్టింది. చిత్తూరు నుంచి తిరుపతి దాకా కారులో మొగుడి గొప్పలు వినీ వినీ వచ్చిందామె. మామిడిగుజ్జు కంపెనీ పని మీద చెన్నైకీ బెంగళూరుకీ తిరిగి, ఈ హోటలోళ్ళ గదుల్లోనే దిగి చేర్చుకున్న పాయింట్లంట. ఇప్పుడు పైసా కట్టకుండా థీమ్ పార్కు ఎదురుగానే ఉండొచ్చంట. కూతురు లోహిత అప్పటికే అద్దాల తలుపుకి ముక్కు ఆనించి, పార్కులోని జారుడుబల్లల్ని చూస్తూ గంతులేస్తోంది.

"భర్త ఈడ ఉండాడు. భార్య కూడా ఈడే ఉండాది," అంది జయంతి నిదానంగా. "మరి పైనుండేది ఎవరు?"

"నాకేం తెలుసు? ఎవడో నా కార్డు వాడుకున్నట్టుండాడు."

"నిన్న సాయంత్రం యాడికి పోయినారు మీరు?"

"ఫ్యాక్టరీలోనే ఉంటిని కదా!"

"ఫోన్ ఎత్తలేదే?"

"మిషన్ల చప్పుడులో వినపడలా."

ఆ మాట నిజమే. కానీ చెబుతూ ఉంటే మునిశేఖర్‌కే అది అబద్ధంలా వినిపించింది.

"పదండి. పైకి పోయి చూస్తాం," అని జయంతి లిఫ్టు వైపు నడిచింది.

ముగ్గురూ లిఫ్టు ఎక్కారు. ఏ తప్పూ చెయ్యకపోయినా మునిశేఖర్ చొక్కా వీపుకి అతుక్కుపోయింది. గది ముందుకి రాగానే జయంతి లోహితను వెనక్కి లాగి, తనే దబదబా తలుపు కొట్టింది.

తలుపు తెరుచుకుంది. ఎదురుగా మోకాళ్ళ దాకా పూలపూల నిక్కరు, మెడలో తువ్వాలుతో దామోదరం నిలబడి ఉన్నాడు. శ్రీకాళహస్తిలో పూజ చేయించాలని చెప్పి నిన్న పొద్దున్నే పెండ్లాంతో బస్సెక్కిన మునిశేఖర్ వాళ్ళ నాయన!

"తాతా!" అని అరిచింది లోహిత. జయంతి రెండు చేతులతో నోరు మూసుకుంది.

"నాయనా! నువ్వు కాళాస్తిలో కదా ఉండాల?"

దామోదరం కొడుకు చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. "మెల్లగా మాట్లాడురా. మీ అమ్మ టిఫినుకు కిందికి పోయింది, వచ్చేస్తాది. పెండ్లయినప్పటి నుంచి ఒక్క ఊరన్నా చూపించినావా అని రోజూ పొడస్తా ఉండె. బీరువాలో నీ కార్డు కనబడితే, వీళ్ళకు ఫోన్ చేసి నంబరు చెప్పినా. నీ ఫోనుకు చేసి కనుక్కుంటామనిరి. మళ్ళా చేసి గది ఉండాది, రండి అనిరి. నువ్వు సరేనంటేనే కదా?"

"నేనా? నాకెవరూ చెయ్యలేదే!"

"అదంతా నాకు తెలీదు. మీ అమ్మ దగ్గర మాత్రం నోరెత్తొద్దు. నా పెన్షన్ దుడ్డుతో తీసుకొచ్చినానని చెప్పినా."

మునిశేఖర్‌కి ఒళ్ళు మండింది. ఇంటి అన్నానికి మొహం వాచి, పరాయి ఊళ్ళల్లో పడి ఉండి కూడబెట్టుకున్న పాయింట్లవి. కూతురికి ఈ పార్కు చూపిస్తానని ఎన్నిసార్లు మాటిచ్చి తప్పాడో! గది ఖాళీ చెయ్యమనే మాట నోటిదాకా వచ్చింది.

అంతలో లిఫ్టు తెరుచుకుంది. తలలో కనకాంబరాలు, వాటి మీద పార్కులో కొన్న ఎర్ర టోపీతో శకుంతలమ్మ దిగింది.

"మీరూ వచ్చినారా! శేఖరా, మీ నాయన చేసిన పని చూసినావా? కిటికీలోంచి రంగులరాట్నం కనబడే గది తీసినాడురా నాకు! ఇన్నాళ్ళూ పిసినారి, పిసినారి అని నోరు పారేసుకుంటిని. పెన్షనంతా నా కోసరం పెట్టేసినాడు పాపం!" అంటూ ఆమె కళ్ళు తుడుచుకుంది.

దామోదరం గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

మునిశేఖర్ తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "అవునమ్మా. మమ్మల్ని కూడా రమ్మని పిలిచింది నాయనే. మాకూ పక్కనే గది చెప్పినాడంట," అన్నాడు.

తర్వాత ఎవరూ చూడకుండా కిందికి దిగి, సొంత డబ్బు కట్టి ఇంకో గది తీసుకున్నాడు.

"దీనికి మళ్ళీ పాయింట్లు పడతాయి సార్," అంది గ్రేసీ ఓదార్పుగా.

మధ్యాహ్నం అందరూ పార్కుకి వెళ్ళారు. దామోదరం మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని, జారుడుబల్ల మీంచి కేకలేస్తూ నీళ్ళల్లోకి దూకుతున్నాడు. జయంతి ఒడ్డున నిలబడి ఫోటోలు తీస్తోంది. గట్టు మీద కొడుకు పక్కన కూర్చున్న శకుంతలమ్మ నీళ్ళల్లో కాళ్ళాడిస్తూ అడిగింది.

"రెండో గదికి డబ్బు నువ్వే కట్టినావు కదరా?"

"లేదమ్మా, నాయనే..."

"ఇంక చాల్లే. నన్ను మహారాణిలా చూసుకోవాలని ఆయనకిన్నాళ్ళకు బుద్ధి పుట్టింది. ఆయన ముందర ఎప్పుడూ ఈ మాటెత్తొద్దు," అని ఆమె మొగుడి వైపు చెయ్యి ఊపి, కొడుకు చెవి దగ్గరికి వంగింది. "మొన్న నువ్వు స్నానం చేస్తా ఉన్నప్పుడు హోటలోళ్ళు నీ ఫోనుకు చేసిరి. నీ పాయింట్లతో మీ నాయనకు గది ఇయ్యొచ్చునా అనిరి. ఇచ్చేయండని చెప్పింది నేనే!"