ఇంట్లో పలకని పేరు

ఫ్యాక్టరీలో గ్యాసు లీకై గొంతు కాలిపోయిన పైడయ్య నష్టపరిహారం ట్రిబ్యునల్ బెంచీ మీద కూర్చున్నాడు. మాట పోయినవాళ్ల తరఫున దగ్గరివాళ్లు మాట్లాడవచ్చు. ఆ దగ్గరివాళ్లెవరో తేల్చేది మాత్రం, ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ గోడకుండి, మాటలన్నీ విని దాచుకునే వినికిడి పెట్టె.

"ఎవరి తరఫున వచ్చారు?" అని జడ్జి యంత్రం అడిగింది.

"మాయన తరపున బాబూ," అంది నూకరత్నం.

"పేరు చెప్పండి."

మొగుడి పేరు నోట పలికితే ఆయుష్షు తగ్గుతుందని అమ్మ చెప్పింది. ఇప్పుడు ఆ ఆయుష్షు కోసమే కదా ఇంతదూరం వచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుని, "పైడయ్య," అంది.

యంత్రం వెతికింది. "ఇరవై ఆరేళ్లలో మీరు ఇంట్లో ఈ పేరు ఒక్కసారీ పలకలేదు. మీరు దగ్గరివారని ఆధారం లేదు."

"పెనిమిటిని పేరెట్టి ఎవులైనా పిలుత్తారేటి బాబూ? 'ఇదిగో' అనే కదా ఇన్నేళ్లూ పిలిసినాను! నీకినబడనేదా?"

"'ఇదిగో' అనే పేరుతో ఈ కేసులో కక్షిదారు ఎవరూ లేరు. మీ ఇంట్లో ఈ పేరు ఎక్కువసార్లు వినిపించింది ఫోనులో, షిఫ్టుకు రమ్మని పిలిచిన సూపర్‌వైజరు గొంతులో. పైడయ్య తరఫున ఆయన మాట్లాడతారు."

ఫ్యాక్టరీ వాళ్ల బెంచీ మీంచి సూపర్‌వైజరు లేచాడు.

నూకరత్నం భర్త చేతులు పట్టుకుని "పైడయ్యా! పైడయ్యా!" అని అరుస్తూనే ఉంది. పేరు పెట్టి పిలుస్తున్న భార్యకేసి అతను తెల్లబోయి చూశాడు. పలకడానికి నోరు తెరిచాడు.