రెండో కప్పు

“తాగండి. చల్లారితే అడుగున పేరుకుపోతుంది,” అంటూ లెక్కల టీచరమ్మ కప్పుని భర్త ముందుకు జరిపింది.

“ఇందాకే తాగాను కదా,” అన్నాడాయన.

“అదిగో, మళ్లీ మొదలుపెట్టారు. తాగలేదు. తాగాననుకుంటున్నారు.”

ఆయన ముఖం చిట్లించుకుని రెండు గుటకల్లో కప్పు ఖాళీ చేశాడు. పంచదార వేస్తే కోకోలో ఉన్న గుణమంతా పోతుందని ఆవిడ నమ్మకం. రోజూ రెండు చెంచాల కోకో పొడి జ్ఞాపకశక్తికి మంచిదని ఏదో పేపర్లో పడితే, ఆ ముక్క కత్తిరించి వంటింటి గోడకి అంటించింది. పాపం పేపరువాళ్లు రెండు చెంచాలతోనే సరిపెట్టారు. ఈ ఇంట్లో కొన్ని రోజులు ఆరు కూడా అవుతాయి.

కప్పు కింద పెట్టగానే ప్రశ్నలు మొదలవుతాయి. ముప్ఫై ఏళ్లు పిల్లలకి పరీక్షలు పెట్టిన మనిషి ఊరికే ఎలా ఉంటుంది? ఇవాళ ఏ వారం, నిన్న ఎవరొచ్చారు, రాత్రి ఏం తిన్నాం. రాత్రి గుడ్డూ బ్రెడ్డూ తిన్నామని ఆయన చెబితే, తప్పని కొట్టేసి నోటుపుస్తకంలో పదికి ఆరు వేసింది. నిన్నటికంటే ఒక మార్కు తగ్గిందని బాధపడింది కూడా. మార్కులు పెంచమని బతిమాలే వయసు కాదు కాబట్టి ఆయన తల దించుకుని కూర్చున్నాడు.

మూడు నెలలుగా ఇదే వరస. ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చిన సాయంత్రమే వీధి తలుపుకి లోపలి నుంచి తాళం పడింది. అప్పటిదాకా ఆయన బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల మెకానిక్కు. రెండు వందల మిషన్ల రొదలో ఏ మిషను సూది వంగిందో చెవితోనే పట్టేసేవాడు. ఇప్పుడు ఆయన లోకమల్లా మూడు గదులు, ఒక కిటికీ. కిటికీలోంచి వీధి మలుపు దాకా కనిపిస్తుంది. మలుపు అవతల బస్సులు ఆగే చప్పుడు వినిపిస్తుంది. ఒక్కసారి అక్కడిదాకా ఒంటరిగా నడిచి రావాలని ఆయన ప్రాణం కొట్టుకుపోయేది.

కాలింగ్ బెల్ మోగింది. తలుపు అవతలి నుంచి ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ గొంతు వినబడగానే ఆయన చటుక్కున లేచాడు.

“మీరు కూర్చోండి. తాళంచెవి ఎక్కడుందో మీకేం గుర్తుంటుంది?” అని ఆవిడ నాలుగు చోట్ల వెతికింది. చివరికి అది ఆయన చొక్కా జేబులోనే దొరికింది. “చూశారా, జేబులో పెట్టుకుని కూడా మరిచిపోయారు,” అని నిట్టూర్చి తలుపు తీసింది.

సూపర్‌వైజర్‌కీ కోకో తప్పలేదు. ఒక్క గుక్క తాగి, మర్యాదకి నవ్వి, కప్పుని ఎంత దూరం జరపొచ్చో అంత దూరం జరిపాడు. తర్వాత వచ్చిన పని చెప్పాడు. కొత్త మెకానిక్కుకి మిషను విప్పడం వచ్చు, బిగించడం రాదు. నాలుగు మిషన్లు మూలన పడ్డాయి. పొద్దున్న మూడు గంటలు వచ్చి చూసినా చాలట. ఇంటి ముందుకే వ్యాను వస్తుందట.

మూలన పడ్డ మిషన్లు ఏవేవో ఆయన అడిగి తెలుసుకున్నాడు. పదకొండో నంబరైతే పళ్లచక్రం అరిగి ఉంటుందని, దాన్ని తను మార్చి ఆరేళ్లయిందని చెప్పాడు. చెబుతుంటేనే చేతులు దురద పెట్టాయి. మూడు గంటలంటే ఎంతసేపని! నూనె వాసన, మనుషుల కేకలు, తిరిగొచ్చేటప్పుడు కాస్త గాలి. ఒప్పుకోవడానికి నోరు తెరిచి, ఎందుకో భార్య వైపు చూశాడు.

“ఈయన్నా పంపేది?” అంది ఆవిడ. “తాగని కోకో తాగానంటారు. తినని తిండి తిన్నానంటారు. సగం మిషను విప్పి, ఎక్కడున్నానో తెలియక బెంబేలెత్తిపోతే అక్కడ ఎవరు చూస్తారయ్యా?” అని భర్త చేయి పట్టుకుంది. “మీరేం దిగులు పడకండి. నేనున్నాను కదా.”

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖం క్లాసులో పాఠం చెప్పేటప్పటిలా నిబ్బరంగా ఉంది. ఆయన కాసేపు ఆ ముఖాన్నే చూశాడు.

“మీ వదిన చెప్పింది నిజమే తమ్ముడూ. నేను రాలేను,” అన్నాడు.

చల్లారిపోయిన కోకోని వేడిచేసి తెస్తానని ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. అది వచ్చేలోపే బయటపడాలని సూపర్‌వైజర్ గబగబా లేచాడు. ఆయన గుమ్మం దాకా సాగనంపాడు. చెప్పులేసుకుంటూ సూపర్‌వైజర్ గొంతు తగ్గించాడు.

“ఆరేళ్ల కిందట మార్చిన చక్రం గుర్తున్న మనిషికి మతిమరుపేంటన్నయ్యా? అసలు ఆ రోజు డాక్టరు ఏమన్నాడు?”

ఆయన వంటింటి వైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరగా వేశాడు.

“జబ్బు మా ఇద్దరిలో ఎవరికని మీ వదిన తిరిగొచ్చే దారిలోనే అడిగితే, నాకని చెప్పాను.”