ఇద్దరు పట్టే చొక్కా

"ఏమప్పా, అట్ల చూస్తాండావు? బక్షం ఎప్పుడూ చూళ్లేదా?"

నోటి దాకా తెచ్చిన బొబ్బట్టు ముక్కను తిరుమలయ్య శెట్టి మళ్లీ ఆకులో పెట్టాడు.

ఎదురు బెంచీ మీది బక్కాయన రెప్ప వెయ్యలేదు. ఎండిన చొప్పదంటు లాంటి మనిషి. ఇద్దరు పట్టే చొక్కా తొడుక్కుని, మిగిలిన జాగాలో గాలిని కూర్చోబెట్టుకున్నాడు.

"సగం ఇచ్చెయ్యి శెట్టన్నా," అంది బండి మీద బక్షాలు కాల్చి అమ్మే హంపమ్మ. "తినేటప్పుడు చూస్తే దిష్టి తగులుతాది. అసలే కోసి కుట్టిన పొట్ట నీది."

శెట్టి దిష్టికి జడిసి సగం తుంచి ఇచ్చాడు.

ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర బట్టల అంగడి శెట్టిది. వెనకటి ఆయన లావు సంగతి చెబితే మీరు నమ్మరు. అంగడి ముందు నిలబడితే పక్క అంగడికీ నీడ పడేది. అహోబిలం కొండ మీద జ్వాలా నరసింహుడి దగ్గరికి డోలీలో పోతే, మోసేవాళ్లు నడి దారిలో దించి, దేవుణ్ణే కిందికి రమ్మని మొక్కుకున్నారట.

"దిగులు పడొద్దు శెట్టీ," అని ఓదార్చాడు డోలీ మేస్త్రి. "నిన్ను మించినాయన ఒకడుండాడు. కోసిగి రామలింగప్ప. ఆయప్ప కూసుంటే డోలీ కర్రే ఇరిగింది. ఆ ముక్క ఇంకా మా కొట్టంలో ఉండాది."

ఆ ఓదార్పు ముల్లులా గుచ్చుకుంది. ఈసారి నడిచే వస్తానని శెట్టి అక్కడే మొక్కుకున్నాడు. హైదరాబాదు పోయి పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకున్నాడు. ఏడాది తిరిగేసరికి సగం మనిషయ్యాడు.

ఆ మరుసటేడు, పోయిన ఒళ్లు మెల్లగా ఇంటిదారి పట్టింది.

"పొట్టను కోసినాం గానీ నాలుకను కొయ్యలేదు కదయ్యా," అన్నాడు డాక్టరు.

భార్య రాజ్యలక్ష్మమ్మ బెల్లం డబ్బాకు తాళం వేసింది. శెట్టి సాయంత్రాలు దొంగచాటుగా హంపమ్మ బండి దగ్గరికి వచ్చి నాలుగేసి బక్షాలు తినేవాడు. తిన్నాక చెమటలు, గుండె దడ. మళ్లీ డోలీ ఎక్కాలేమోనన్న దిగులు వేరే.

కానీ సగం ఇచ్చిన ఆ పొద్దు చెమట లేదు, దడ లేదు.

"చూసినావా, దిష్టి పోయింది," అంది హంపమ్మ.

మర్నాడూ బక్కాయన హాజరు. తన సగాన్ని ఆకులో చుట్టుకున్నాడు.

"తినవా?"

"తర్వాత. నీ సగం ఎట్ల ఉండాది?"

"బక్షం లెక్కే ఉండాది."

"యాలకలు తగిలినాయా?"

యాలకలు వెతకడానికి శెట్టి నమలాల్సి వచ్చింది.

"తగిలినాయి."

"పూర్ణం మెత్తగుండాదా, పలుకుండాదా?"

మళ్లీ నమిలాడు.

"ఇంకొకటి వెయ్యాల్నా శెట్టన్నా?" అంది హంపమ్మ.

"వద్దు తల్లీ! దీనికే జవాబులు చెప్పలేక చస్తాండా."

అంతటితో వదిలాడా బక్కాయన? "ఈడ ఎక్కితే సీటు దొరకదు, ముందు స్టాపు దాకా తోడు రా," అంటూ రోజూ ఊరి చివరి దాకా నడిపించి అహోబిలం బస్సు ఎక్కేవాడు.

దారిలో శెట్టి కన్నంతా ఆ చొక్కా మీదే. "గుడ్డ మంచిదే. ఎవరిచ్చినారప్పా?"

"లావాయన ఒకడు వదిలిపెట్టి పోయినాడు."

ఒకరోజు శెట్టికి ఒళ్లు మండింది.

"యాడి పీడప్పా! నా నోట్లో బక్షానికి నీకు జవాబు చెప్పల్లనా? రేపటి నుంచి నా ముందుకు రావాకు!"

"సరే శెట్టన్నా," అని నవ్వి బక్కాయన బస్సెక్కాడు.

మర్నాడు రాలేదు. శెట్టి పండగ చేసుకుని నాలుగు బక్షాలు గుటుక్కుమనిపించాడు. ఆనక అంగడిలో బట్టల మూటల మీద పడి, చెమటలు కక్కుతూ మూలిగాడు.

"యాడుండి చూస్తాండాడో! అంత దూరం నుంచీ తగిలింది!"

అప్పటి నుంచి ఒకే బక్షం తీసుకుని, సగం తుంచి ఖాళీ బెంచీ మీద పెట్టేవాడు. మిగతా సగం నములుతూ, "యాలకలు తగిలినాయప్పా," అని గాలికి చెప్పేవాడు. నడక అలవాటై, ఊరి చివరి దాకా ఒక్కడే పోయి వచ్చేవాడు. ఆయన తగ్గిన మేరకు బస్టాండు కుక్క గుండ్రంగా తయారైంది.

కార్తీక మాసంలో శెట్టి కొండ నడిచి ఎక్కాడు. దండం పెట్టుకుని దిగివస్తుంటే డోలీ మేస్త్రి ఎదురొచ్చాడు.

"నడిచెక్కినావా శెట్టీ! మా బక్కాయన చెప్పినట్టే అయింది!"

"ఏ బక్కాయన?"

"దినామూ పొద్దుగూకి ఆళ్లగడ్డ నుంచి మాకు సగం బక్షం తెస్తాండె. 'శెట్టిని కొండెక్కిస్తాండా, మీ భుజాలకు ఇంక బరువు లేదు' అని నవ్వుతాండె."

శెట్టి రాతి మీద కూర్చున్నాడు. "నేను తిట్టినానప్పా ఆయన్ని."

"తెలుసు. ఆ పొద్దు శానా సంతోషంగా వచ్చె. 'శెట్టికి ఇంక నేను అక్కర్లేదు, దిష్టి భయం చాలు' అనె. తర్వాత చొక్కా ఈడే వదిలిపెట్టి కూతురింటికి పోయె. ఆడ్నే జ్వరమొచ్చి పోయినాడంట."

శెట్టి సంచిలోంచి బక్షం తీసి రెండుగా తుంచాడు. సగం మేస్త్రి చేతిలో పెట్టి, సగం నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

"యాలకలు తగిలినాయప్పా," అన్నాడు మెల్లగా. "పేరన్నా అడగలేదు. ఎవరాయన?"

మేస్త్రి కొట్టంలోకి చూపించాడు. విరిగిన డోలీ కర్రకు తగిలించిన ఇద్దరు పట్టే చొక్కా గాలికి నిండుగా ఉబ్బింది.

"ఎవరేంది శెట్టీ, ఆ కర్ర ఇరగ్గొట్టిన కోసిగి రామలింగప్పే!"